లేదన్న మాట

తెనాలిలో ఫరూక్ సైకిల్ షాపు బాగానే నడిచేది. ఇంట్లో దేనికీ లోటు లేదు. అయినా ఆ ఇంట్లో చింతపండుకి కూడా తాళం ఉండేది. తాళంచెవి ఫరూక్ తల్లి మస్తాన్ బీ బొడ్లో ఉండేది.

వంటింటి పక్కనున్న చిన్న గదిలో బియ్యం, పప్పులు, పంచదార డబ్బాలు నేల నుంచి అటక దాకా పేర్చి ఉండేవి. రోజూ పొద్దున్నే ఆమె తలుపు తీసి, ఆ పూటకి సరిపడా గిద్దతో కొలిచి కోడలు నస్రీన్ చేతికిచ్చి, మళ్ళీ తాళం వేసేది. నాలుగు గింజలు ఎక్కువ పడితే వేళ్ళతో ఏరి వెనక్కి వేసేది.

"ఉప్పెన చూసిన మనిషి. మొగుణ్ణి నీళ్ళు తీసుకుపోతే అయిదేళ్ళ పిల్లాణ్ణి చంకనేసుకుని ఈ ఊరొచ్చింది. ఆకలంటే భయం ఉండదా మరి?" అని వీధిలో వాళ్ళు సర్దిచెప్పుకునేవాళ్ళు. ఫరూక్ కూడా అలాగే సరిపెట్టుకునేవాడు.

ఆ ఏడు, అంటే రెండువేల మూడులో, రంజాన్ ముసురు రోజుల్లో వచ్చింది. నస్రీన్‌కి ఆరో నెల. ఎవరు వద్దన్నా రోజాలు ఉంటోంది. బాపట్ల నుంచి ఆమె తల్లి నెయ్యి, జీడిపప్పు, ఒక పెద్ద సంచీడు ఖర్జూరాలు పంపింది. అవి చిన్న గదిలోకి వెళ్ళాయి. సాయంత్రం రోజా విడిచేటప్పుడు మాత్రం మనిషికొక్క ఖర్జూరమే బయటికొచ్చేది.

"అత్తా, ఇంకొక్కటి ఇవ్వండి. కడుపులో బిడ్డ ఉందిగా" అంది నస్రీన్ ఒకరోజు.

"ఇవాళ తినేస్తే రేపేం తింటావు? రేపెలా ఉంటుందో ఎవరికి తెలుసు?" అంది మస్తాన్ బీ. ఆ మాట ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

పండగ ముందురోజు సాయంత్రం అజాన్ అయింది. నస్రీన్ తన వంతు ఖర్జూరం తిని నీళ్ళు తాగింది. కళ్ళు తిరుగుతున్నట్టయి, పక్కనే కూర్చున్న ఏడేళ్ళ కూతుర్ని అడిగింది.

"సిమ్రాన్, నీ దగ్గరేమన్నా ఉందా అమ్మా?"

"లేదమ్మా" అంది సిమ్రాన్.

నస్రీన్ లేచి రెండడుగులు వేసి గోడవారన కూలిపోయింది. ఫరూక్ ఆమెని రిక్షాలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాడు.

ఇంట్లో నాయనమ్మా మనవరాలూ మిగిలారు. ఒలికిన నీళ్ళు తుడుస్తూ మస్తాన్ బీ చీమల బారు చూసింది. అది గోడ వెంటే వెళ్ళి సిమ్రాన్ స్కూలు బ్యాగులో దూరుతోంది. బ్యాగు బోర్లించింది. పుస్తకాల మధ్య నుంచి బూజుపట్టిన రొట్టెముక్కలు, కాగితంలో చుట్టిన పంచదార, తొమ్మిది ఖర్జూరాలు పడ్డాయి.

"ఇవన్నీ పెట్టుకుని మీ అమ్మకి లేదన్నావేంటే?"

సిమ్రాన్ బెదరలేదు. "ఇస్తే అయిపోతాయిగా దాదీ. రేపెలా ఉంటుందో ఎవరికి తెలుసు?"

మస్తాన్ బీ అక్కడే నేలమీద కూర్చుని ఆ తొమ్మిది ఖర్జూరాలూ ఏరింది.

ఇరవయ్యారేళ్ళ కిందట రేపల్లె అవతల తమ ఊళ్ళో, బియ్యం మిల్లు డాబా మీద ఊరివాళ్ళతో పాటు తల్లీకొడుకులు మూడు రోజులు ఉన్నారు. చుట్టూ ఉప్పునీళ్ళు, నీళ్ళలో గొడ్లు, మనుషులు. ఆమె కొంగులో మూటగట్టిన అటుకులూ బెల్లమూ ఉన్నాయి. పక్కింటి తులసి మూడేళ్ళ కూతుర్ని భుజాన వేసుకుని వచ్చింది. "మస్తానక్కా, పిల్ల నోట్లోకి పిడికెడు ఏమన్నా ఉందా?" అని అడిగింది. "లేదే" అంది మస్తాన్ బీ. అటు తిరిగి, ఫరూక్‌కి పెట్టి, తనూ తింది. మర్నాడు మధ్యాహ్నానికి తులసి కూతురు చనిపోయింది. మూడోరోజు హెలికాప్టర్ అన్నం పొట్లాలు పడేసినప్పుడు మస్తాన్ బీ కొంగులో అటుకులు ఇంకా మిగిలే ఉన్నాయి.

ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆకలికి భయపడే మనిషని లోకం అనుకుంటే అనుకోనిచ్చింది.

ఆమె లేచి గది తలుపు తీసి డబ్బాలన్నీ బయటికి లాగింది. బియ్యం నిండా పురుగు. పాత జీడిపప్పు చేదెక్కింది. అడుగున ఉన్న నెయ్యి ఎన్నేళ్ళనాటిదో, కంపు కొడుతోంది. సగానికి సగం పెంటకుప్పలో పొయ్యాల్సి వచ్చింది. నస్రీన్‌ని నడిపించుకుంటూ ఫరూక్ వచ్చేసరికి తల్లి ఆ డబ్బాల మధ్య కూర్చుని బాగున్నవి ఏరుతోంది.

"ఒంట్లో రక్తం లేదన్నారమ్మా. తిండి చాలట్లేదంట" అన్నాడు ఫరూక్.

పండగనాడు మిగిలిన సరుకంతా పెట్టి సేమ్యా వండింది. వీధి వీధంతా వచ్చి తిన్నారు. మొదటి గిన్నె నస్రీన్‌కిచ్చింది. గరిటె ముంచిన ప్రతిసారీ మస్తాన్ బీ ఇంకెంత మిగిలిందో చూసుకుంది. అయినా ఎవరికీ తక్కువ పొయ్యలేదు.

మర్నాడు స్టీలు క్యారేజీ నిండా సేమ్యా పోసుకుని ఒక్కతే రేపల్లె బస్సెక్కింది. తులసి మార్కెట్టు దగ్గర కూరగాయలు అమ్ముతుందని ఎప్పుడో విన్నది. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా అటు వెళ్ళలేదు.

తులసి జుట్టు పూర్తిగా నెరిసింది. చూడగానే గుర్తుపట్టి ఇంటికి తీసుకెళ్ళి పీట వేసింది. మస్తాన్ బీ కూర్చోలేదు. నిలబడే చెప్పింది. అటుకుల సంగతి, బెల్లం సంగతి, చివరికి అవి మిగిలిపోయిన సంగతి.

"నాకు తెలుసక్కా" అంది తులసి. "ఆరోజు నీ మూతికి బెల్లం అంటుకుని ఉంది."

"మరి అప్పుడే అడగలేదేం?"

"నీ ఒళ్ళోనూ పిల్లాడున్నాడుగా. లాక్కుందామనిపించింది. లాక్కోలేదు. దానికి నన్ను నేను ఎన్ని తిట్టుకున్నానో." మళ్ళీ తనే, "నా బిడ్డ పేరు గుర్తుందా?" అంది.

"అమ్మాజీ" అంది మస్తాన్ బీ.

తులసి మొహం తిప్పుకుంది. తర్వాత క్యారేజీ తీసి గట్టుమీద పెట్టింది. "మనవరాలు బడి నుంచొచ్చి తింటుందిలే. నేను మాత్రం తినను. ఏమీ అనుకోకు."

"అనుకోను" అంది మస్తాన్ బీ.

మాఘమాసంలో నస్రీన్‌కి బిడ్డ పుట్టింది, బరువు తక్కువ. ఏడాది దాకా జబ్బులే. సిమ్రాన్ తిండి దాచుకోవడం మానడానికి ఇంకా ఎక్కువకాలం పట్టింది. ఆ పిల్ల ఎదురుగా కూర్చుని మస్తాన్ బీ రోజూ తన పళ్ళెంలోది సగం తీసి పెట్టేది, తినేదాకా చూసేది. ఏటా పండగ మర్నాడు సేమ్యా పట్టుకుని రేపల్లె బస్సెక్కుతుంది. తులసి ఇంట్లో పిల్లలు తింటారు. తులసి మాత్రం ఇంతవరకూ ముట్టలేదు.