తవుడిచ్చి కొన్న తాత

రైసుమిల్లు లోపల తవుడు వాన కురుస్తోంది, పైనుంచి సన్నగా, వెచ్చగా రాలుతూ నా జుట్టు మీదా, చంకలో పాప కనురెప్పల మీదా, రెండో చేతిలోని నోటుబుక్కు మీదా పేరుకుంటోంది, నేనేమో పాప ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఆడుతోందని తేల్చుకుని రెండడుగులు వేసి, నమ్మకం చాలక మళ్ళీ వేలు పెట్టి చూసుకుంటూ నడుస్తున్నాను, నడిచేకొద్దీ మిల్లు పొడుగవుతోంది, గోడలకు కిటికీలు మొలుస్తున్నాయి, కిటికీలకు ఇనప కడ్డీలు వస్తున్నాయి, ఇది మిల్లు కాదు ఖరగ్‌పూరు వెళ్ళే రైలు అని తెలిసిపోతుంది, ఎలా తెలిసిందో మాత్రం తెలియదు.

కిటికీ పక్కన తవిటయ్య తాత కూర్చుని ఉన్నాడు. మా నాన్నకు నాన్న, పోయి తొమ్మిదేళ్ళయింది. పక్షవాతం వచ్చి, మాట పడిపోయి, మూడేళ్ళు మంచంలో ఉన్న మనిషి ఇప్పుడు నిటారుగా కూర్చుని, ఒళ్ళో చేట పెట్టుకుని, రెండు చేతులా దాన్ని ఊపుతున్నాడు. చేటలో పసిబిడ్డ. తాత ముక్కుకు ఎడమవైపు ఎప్పుడూ ఉండే ఆ చిన్న రంధ్రమే బిడ్డ ముక్కుకూ ఉంది, తాత తననే తాను ఒళ్ళో వేసుకుని ఆడిస్తున్నాడన్నమాట, అందులో వింతేమీ ఉన్నట్టు నాకు అనిపించదు.

"ఎంతసేపే గుంటా రావడం? నీ సీటు కోసం బండిలో అందరితోటీ తగువులాడీసినాను."

"పాపకి పాలు పట్టి వచ్చాను తాతా."

"పాలు పట్టడానికింత సేపా? ముక్కు కాడ ఏలెట్టి సూసుకుంటా వొచ్చుంటావు. మాయమ్మా అంతే. దాని ఏలు ఒరిసి ఒరిసే నా ముక్కుకి బొక్కడిపోనాదని ఊల్లో నవ్వీవోలు."

అతను నవ్వుతుంటే మాట ఎంత స్పష్టంగా వస్తోందో. ఈ గొంతు నేను మరిచేపోయాను. నవ్వు ఆపి, నా చేతిలోని నోటుబుక్కు కేసి గడ్డం ఎత్తి చూపించాడు. "ఆ పుస్తకం ఏటి?"

నేను దాన్ని పాప వెనక దాస్తాను. దాచకుండా ఎలా ఉంటాను? మా సన్యాసిరావు బాబాయి, తాత పెదనాన్నగారి మనవడు, ఖరగ్‌పూరులోనే పుట్టి, అక్కడే రైల్వేలో చేసి రిటైరైన మనిషి, ఆరేళ్ళు కష్టపడి, ఊళ్ళలోని ముసలివాళ్ళందరికీ ఫోన్లు చేసి మా దువ్వారపువారి వంశవృక్షం రాశాడు. కుటుంబం గ్రూపులో ఒక్కో పేజీ పెడుతుంటే, మా పాపకు పెద్దయ్యాక ఉంటుందని నేను మొత్తం నోటుబుక్కులోకి ఎక్కించాను. పదకొండో పేజీలో మా తాత పేరుకు గీత లేదు, చుక్కలున్నాయి. పక్కన "పొరుగింటి పైడమ్మ వద్ద తవుడిచ్చి కొన్న బిడ్డ. మన వంశంలో పుట్టినవాడు కాడు" అని ఉంది. ఆ చుక్కలను కూడా స్కేలు పెట్టి, ఒక్కటి తప్పకుండా నా చేత్తోనే దించాను. వాటి కింద మా నాన్న, నేను, నా కింద పాప, బట్టలారేసిన తాడుకు వేలాడినట్టు వేలాడుతున్నాం. రేపు పుస్తకం అచ్చుకు వెళ్ళిపోతుంది, తప్పులుంటే ఈ రోజే చెప్పండి అని బాబాయి అడిగితే, అందరూ పెట్టారు కదా అని నేనూ బొటనవేలు బొమ్మ పెట్టేశాను. ఏడో తరగతిలో బడి మానేసినదాన్ని, అంత చదివిన మనిషికి ఏం చెప్తాను? నాన్నను అడుగుదామంటే ఆయనా లేడు.

ఇదంతా నేను పైకి చెప్పలేదు, అయినా తాత మొత్తం విన్నాడు.

"ఆడికి ఆ మాట ఎవులు సెప్పినారో అడిగినావా?"

"లేదు."

"మరెందుకు దించీసినావు?"

"అచ్చక్షరాల్లో ఉంది కదా తాతా."

"ఓలమ్మా, అచ్చులో ఉన్నాదట! ఆ ఖరగ్‌పూరోడికి తవుడంటే గేదె మేత తప్ప ఏటి తెల్సు?" అని, మళ్ళీ తనే మెత్తబడి, "నేదులే, ఆడు మంచోడే. ఆడు తిరిగి రాయకపోతే మాయమ్మ పేరు సూరమ్మని నీకు తెల్సునేటి? ఒకలు వండి ఎట్టిన కూడు దండవెట్టి తినాల. పంటికి రాయి తగిలితే మాత్రం ఉమ్మీయాల," అంటాడు.

రైలు ఆగుతుంది, లేదా కదులుతున్నది ఆగిపోయి బడి అవుతుంది, కిటికీ కడ్డీలు మా ఊరి బడి కిటికీ కడ్డీలే, నేను కూర్చున్న బల్ల నేను వదిలేసి వచ్చిన బల్లే, దాని కింద నా సంచీ ఇంకా అలాగే ఉంది. తాత వంగి ఆ సంచీ పైకి తీసి, దుమ్ము దులిపి, నా ఒళ్ళో పెడతాడు.

"నాకు మంచినీల్లు పట్టడానికి నిన్ను బడి మాన్పించీసినారు. నోరు పడిపోనాది గానీ, నాకు తెలవదనుకున్నావా? దీన్ని నా మంచం కిందే దాసీసినావు. దినామూ సూసేవోడిని. వొద్దు, గుంటని పంపండి అని సెప్దామంటే నాలిక తిరిగీది కాదు."

"పోనీలే తాతా."

"పోనీకే. ఇప్పుడు సదువు. ఆరో పేజీ తియ్యి."

తీశాను. నా అక్షరాలే, గుండ్రంగా ఉన్నాయి. పైకి చదివాను: "సూరమ్మ. ఐదు కాన్పులు. నలుగురు పసితనంలోనే పోయారు."

"మరి ఐదోవోడేడీ?"

ఐదులోంచి నాలుగు తీసేస్తే ఒకటి. నేను వదిలేసిన తరగతి దాకా కూడా అక్కర్లేని లెక్క. ఆరో పేజీ దించిన రోజు పాపకు జ్వరం, పదకొండో పేజీ దించిన రోజు కరెంటు లేదు, రెంటినీ పక్కపక్కన పెట్టి చూడనే లేదు. ఇప్పుడు పేజీలు వాటంతటవే ఒకదాని మీదకొకటి జరుగుతున్నాయి, చేటలోని బిడ్డ కాళ్ళు ఆడిస్తున్నాడు, తలుపు దగ్గర ఒకామె నిలబడి ఉంది, నేనెప్పుడూ చూడని మనిషి, పాపని నేను చూసినట్టే ఆ బిడ్డను చూస్తోంది.

"నలుగురు పోనాక ఈడు పుట్టినాడు," అని సూరమ్మ చెప్పడం మొదలుపెట్టింది. "నా బిడ్డా అని పిలిస్తే సావు ఇంటాది. అందుకని పుట్టినోడిని పుట్టినట్టే సేటలో ఎట్టి పెంటమీద వొదిలీసినాను. పైడమ్మ ఎత్తుకున్నాది. దానికి సేరు తవుడిచ్చి నా బిడ్డని నానే కొనుక్కున్నాను. తవుడికి కొన్నోడి మీద సావుకేటి ఆశుంటాది? ముక్కు కుట్టించినాను, తవిటయ్యని పేరెట్టినాను. బతికినన్నాల్లూ పైడమ్మ కొడుకా అనే పిలిసినాను గానీ..."

అంతవరకే చెప్పి ఆగిపోయింది. చచ్చిపోయి ఇన్నేళ్ళయినా ఆమెకు ఇంకా భయమే. ఆ భయం నాకు తెలుసు. మా పాప బాగుందని ఎవరైనా అంటే, లేదండీ చిక్కిపోయింది అంటాను.

నేను లేచి పాపను చంకలో సర్దుకుని, బల్లల మధ్యలోంచి నడిచి వెళ్ళి ఆమె ఎదుట నిలబడ్డాను. "ముత్తవ్వా, అతను డెబ్భై ఎనిమిదేళ్ళు బతికాడు. ఆరుగురు మనవలని ఎత్తుకున్నాడు. నువ్వు గెలిచావు. ఇంక పిలువు."

ఆమె తాత కేసి చూసింది. చేట కేసి చూసింది. తర్వాత బడి అదిరేలా, రైలు అదిరేలా అరిచింది: "కొడుకా!"

తెల్లజుట్టు ముసలాడు పసిపిల్లాడిలా బిగ్గరగా "అమ్మా" అన్నాడు, బోగీ నిండా దువ్వారపువారు, పేర్లున్నవాళ్ళూ లేనివాళ్ళూ, సీట్లు గుద్దుతూ ఈలలు వేస్తున్నారు, ఆ నలుగురు పిల్లలు బల్లల మీద ఎగురుతున్నారు, నేను వేలికి తవుడు అద్దుకుని ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు గీస్తున్నాను, గీత సూరమ్మ దగ్గర బయలుదేరి, తాత మీదుగా, నాన్న మీదుగా, నా మీదుగా ఎక్కడా తెగకుండా దిగుతోంది, "ఒత్తి గీయే గుంటా, ఇంకా ఒత్తి గీయే!" అని తాత వెనకనుంచి అరుస్తున్నాడు, పాప పేరు దాకా వచ్చేసరికి

మెలకువ వచ్చింది. మధ్యాహ్నం మూడయింది. చెంప కింద నోటుబుక్కు ఉంది, ఆరో పేజీ తీసి చూశాను. ఐదు కాన్పులు, నలుగురు. నా అక్షరాలే. ఫోన్ తీసి, గ్రూపులో నా జన్మలో మొదటిసారి నా గొంతు రికార్డు చేసి పెట్టాను: "బాబాయ్, నేను వేణిని. అచ్చు ఆపండి. ఆరో పేజీ, పదకొండో పేజీ పక్కపక్కన పెట్టి చూడండి. తవిటయ్య సూరమ్మగారి ఐదో కొడుకే అనిపిస్తోంది. తవుడుకి కొన్నారని మీకు ఎవరు చెప్పారో నంబరు పంపండి, ఎందుకు కొన్నారో నేనే అడుగుతాను."

బాబాయి జవాబు వెంటనే వచ్చింది. "ఆపాను తల్లీ. నంబరు పంపుతున్నాను. ఈ లెక్క నాకెందుకు తట్టలేదు?"

వరండాలో మా అత్తగారు చేటతో బియ్యం చెరుగుతోంది, గాలి ఇటే వీస్తోంది. పక్కన పడుకున్న పాప ముక్కుకు ఎడమవైపు చిన్న తవుడు రేకు అతుక్కుని, ఊపిరి తీసినప్పుడల్లా లోపలికీ బయటికీ కదులుతోంది. నేను వేలు పెట్టి చూడలేదు.