ఒకటిన్నర చుట్టు

కొత్త మంచుకు వాసన ఉంటుంది. తడి ఇనుముకు నాలుక ఆనించినట్టు.

ఈ ఉదయం తలుపు జరిపేసరికి ఆ వాసన వాకిలి నిండా ఉంది… మంచు నా నడుము ఎత్తున ఉంది.

దాని మీద పెట్రోలు వాసన. అది నా వేళ్ళది.

తాడు లాగాను. లాగాను. మళ్ళీ లాగాను.

యంత్రం దగ్గింది. ఊరుకుంది.

మాది పాత టూ-స్ట్రోకు మంచు యంత్రం. ముందు నోటితో మంచు మింగి, మెడ తిప్పి పక్కకు ఉమ్మేస్తుంది. మా రెండో పిల్ల హైస్కూల్లో చేరిన ఏడు కొన్నాం. ఆ ఏడు మంచు మేడ దాకా వచ్చింది. పిల్ల పైకిటికీలోంచి దిగి బడికి వెళ్ళింది, సంచీ ముందు విసిరి, తర్వాత తాను.

అప్పటినుంచీ దాని ఆలనాపాలనా మా ఆయన ఎయ్‌కిచిదే. రెండేళ్ళ కిందట ఆయన మూత్రపిండాలు పని మానేశాయి. అయినా నిరుటి మంచు దాకా యంత్రాన్ని ఎలాగో ఆయనే చూసుకున్నారు. ఇప్పుడు వారానికి మూడు రోజులు డయాలిసిస్. ఎనిమిదీ ఇరవైకి ఆసుపత్రి బండి వస్తుంది.

ఇవాళ సోమవారం. శుక్రవారం తర్వాత ఇవాళే. ఆయన కాళ్ళు ఉబ్బి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోతోంది.

గడప నుంచి వీధికి ఇరవై అడుగులు.

ఇరవై అడుగుల మంచు… ఒక మంకుపట్టు యంత్రం… ఒక్క గంట.

ఆ గంట ఏమిటంటే, వీధి అంచున మూతల కింద కాలువ ఉంది. ఏటి నీళ్ళు అందులోకి వదులుతారు, మంచు కొట్టుకుపోవడానికి. మా వరుసకు ఏడు నుంచి ఎనిమిది. ఎనిమిదికి నీళ్ళు పై వరుసకు వెళ్ళిపోతాయి. ఆ తర్వాత మంచు వేస్తే కాలువ పూడుకుని ఎవరి వంటింట్లోకో నీళ్ళు పొంగుతాయి. వేసినవాళ్ళ పేరు ముప్పై ఏళ్ళు గుర్తుంటుంది. నాకు గుర్తుంది. చెప్పను.

పక్కలకు విసరుదామంటే, రెండు పక్కలా గోడలెత్తు మంచు. దాని అవతల పక్కవాళ్ళ కిటికీలు.

ఆరు గంటలకు యంత్రాన్ని లోపలికి ఈడ్చాను, చెప్పులు విడిచే మట్టినేల గదిలోకి. చలిలోంచి వచ్చింది ఏదైనా — మనిషైనా, ముల్లంగైనా — మేం ముందు స్టవ్వు దగ్గరికి తెస్తాం. తర్వాతే మాట. పెట్రోలు కదా అని స్టవ్వు ఆర్పాను. గది వెచ్చగానే ఉంది.

కార్బురేటర్ కింది గిన్నె విప్పాను. అడుగున పచ్చటి జిగురు. తేనె అనుకునేలా ఉంది… వాసన పీల్చేదాకా.

తప్పు నాదే. వసంతంలో మిగిలిన, నూనె కలిపిన పెట్రోలు పారబోయడానికి నాకు చెయ్యి రాలేదు. ఆయనైతే చివరి చుక్క దాకా మండించి ఆపేవారు.

పెట్రోలు చిమ్మే ఇత్తడి జెట్ తీసి వెలుతురుకు పట్టాను. రంధ్రం లేదు. ఉండాల్సిన చోట చీకటి ఉంది. ఆయన గేలపు దారం ముక్క తెచ్చి దూర్చాను. వంగింది. దూర్చాను. వంగింది. కళ్ళజోడు మీద ఆవిరి. తుడిచాను, దూర్చాను…

సూదిమొనంత వెలుతురు.

"ఏవండీ! మర ఎన్ని చుట్లు?"

లోపలి గదిలోంచి గొంతు. "బిగించి, వెనక్కి ఒకటిన్నర."

పెట్రోలు ఎంత పోవాలో ఆ చిన్న మరే చెబుతుంది: కుడికి బిగిస్తే తక్కువ, ఎడమకు వెనక్కి తిప్పితే ఎక్కువ. ఒకటిన్నర తిప్పాను. తలుపు జానెడు తెరిచి తాడు లాగాను.

పాడింది! గాలికి అడ్డుపెట్టే చోకు తీసేసినా పాడింది. గది నిండా నీలం పొగ.

"డయాలిసిస్ దాకా ఎందుకే, ఇక్కడినుంచే పంపించేసేట్టున్నావు!" దగ్గుతూ ఆయన.

"మీరు పోతే ఈ దయ్యంతో నేనొక్కదాన్నీ వేగాలి. ఊరుకోండి!"

బయటికి నెట్టాను. చోకు తీశాను.

చచ్చింది.

ఇంకా చెత్త ఉందేమో… లోపలికి. గిన్నె విప్పాను. జెట్ ఊదాను. ఒకటిన్నర. పాడింది.

బయటికి. చచ్చింది.

లోపల పాట. బయట చావు.

లోపల పాట… బయట చావు.

ఏడయింది. మూతల కింద నీళ్ళ మోత మొదలైంది. వీధంతా యంత్రాలు లేచాయి. ఎదురింటి మసునో తన యంత్రం వెనకనుంచి అరిచింది.

"అక్కా! నీళ్ళొచ్చేశాయ్! నువ్వింకా దానికి జోలపాడుతున్నావా?"

"జోల కాదే, తద్దినం పెడుతున్నా!"

సాయం అడగొచ్చు. కానీ అందరి గంటా ఒకటే. తన వాకిలి వదిలి నా వాకిలికి ఎవరొస్తారు? పార అందుకున్నాను. పది పారలకు భుజం పట్టేసింది. మళ్ళీ యంత్రం. లోపలికి. బయటికి. యంత్రాన్ని కాలితో తన్నాను. కాలే నొప్పెట్టింది.

ఏడూ నలభై.

గడపలో ఆయన. కోటు వేసుకుని, టోపీ పెట్టుకుని, చేతికర్ర మీద వాలి.

"లోపలెందుకు సరిచేస్తున్నావే? అది బతికేది బయట కదా. చలిగాలి చిక్కన. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. ఒకటిన్నర వెచ్చగదికి సరిపోతుంది, వాకిట్లో సరిపోదు."

చేతిలోని స్క్రూడ్రైవరు ఆయన వైపు చూపించాను.

"మరి ఇంతసేపూ చెప్పరేం!"

"అడిగావా? ఎన్ని చుట్లని అడిగావు. చెప్పాను."

నలభై శీతాకాలాలు. ప్రతి ఏడూ మొదటి మంచుకు ఈ మనిషి వాకిట్లో గొంతుక్కూర్చుని మర తిప్పుతుంటే, నేను గడపలో నిలబడి తిట్టేదాన్ని. లోపలికి రండి, చేతులు కొయ్యబారిపోతాయి, లోపల చేసుకోకూడదా… నలభై ఏళ్ళు. ఒక్కసారి, ఒక్కసారైనా, ఎందుకో చెప్పారా?

నవ్వేవారు. అంతే.

మంచులో గొంతుక్కూర్చున్నాను. చేతి తొడుగు తీశాను. చోకు సగం పెట్టి లాగాను. యంత్రం ఊ… ఊ… అని మూలిగింది. మర కొంచెం వెనక్కి. మూలుగు బరువెక్కింది. ఇంకొంచెం. చోకు తీశాను.

బతికింది.

ఏడూ నలభై ఎనిమిది. పన్నెండు నిమిషాలు. మూత తీసి, యంత్రం మెడ కాలువ వైపు తిప్పి నెట్టాను. మంచు ఎగిరి నీళ్ళలో పడుతోంది, పోతోంది. పడుతోంది… పోతోంది. ఏమీ ఆలోచించలేదు. అడుగు, అడుగు, అడుగు.

ఎనిమిదికి సైరను. మూతల కింద నీళ్ళ మోత సన్నగిల్లింది. మూత వేశాను.

మనిషి వెడల్పు దారి. పద్దెనిమిది అడుగులు. దాని చివర, వీధి వైపు, పురపాలక మంచు బండి నెట్టిపోయిన గడ్డకట్టిన గట్టు అలాగే ఉంది, మోకాలెత్తున. దాన్ని వేయడానికి ఇక చోటు లేదు.

ఎనిమిదీ ఇరవైకి డ్రైవరు సుదో వచ్చాడు. గట్టు చూశాడు. ఆయన్ను చూశాడు. వీపు తిప్పి వంగాడు.

"ఎక్కు తాతా. బియ్యం బస్తాకన్నా తేలికే."

"బస్తా మాట్లాడదుగా, అందుకే నీకు తేలిక," అన్నారు ఆయన. ఎక్కారు. ఉబ్బిన పాదాలు గాల్లో వేలాడాయి. నేను వేరే వైపు చూశాను.

యంత్రాన్ని ఆపలేదు నేను. ఆపితే మళ్ళీ లేస్తుందో లేదో.

ఆయన సుదో వీపు మీదనుంచి చెవి ఇటు పెట్టారు.

"ఇంకా పావు చుట్టు."

"ఎటు?"

గట్టు దాటారు.

"ఏవండీ! ఎటు?"

బండి తలుపు పడింది. అద్దం మీద ఆవిరి. అద్దం వెనక ఒక చెయ్యి కదిలింది. తిప్పుతున్నట్టుందో, వెళ్ళొస్తానన్నట్టుందో.

ఒంటిగంటకు తిరిగొస్తారు. నీరసంగా వస్తారు, ఎప్పుడూ అంతే. మంచు ఆగలేదు. నా పద్దెనిమిది అడుగుల అడుగున అప్పుడే తెల్లగా ఒక పొర.

యంత్రం ఊ… అంటోంది. ఆగుతోంది. ఊ… అంటోంది.

స్క్రూడ్రైవరు మర గాడిలో ఉంది. వేళ్ళు ఉన్నాయో లేవో తెలియడం లేదు.

కుడికా…

ఎడమకా…