ఎనిమిదింటికి బయల్దేరే ఇల్లు

స్కూలు బస్సు డ్రైవరు పొద్దున్నే లేచి, ఖాకీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని, ముందు గదిలో కిటికీ దగ్గర కుర్చీలో కూర్చునేవాడు. వెళ్ళాల్సిన చోటేమీ లేదు. స్కూళ్ళు మూసేసి పద్దెనిమిది రోజులైంది. ఎప్పుడూ ఇంటి ముందు ఆగి ఉండే బస్సుని స్కూలువాళ్ళు తీసుకెళ్ళి ఆవరణలో పెట్టి పైన టార్పాలిన్ కప్పేశారు. ఇంట్లోంచి ఎవరూ కదలకూడదని రోజుకి రెండుసార్లు మైకులో చెప్పి వెళ్తున్నారు. కానీ పదిహేనేళ్ళ అలవాటు ఊరుకుంటుందా? ఎనిమిదయ్యేసరికి ఆయన చేతులు దేన్నో ఒకదాన్ని పట్టుకుని తిప్పాలి, లేకపోతే ఆ రోజు తిన్నది అరగదు.

మొదటి వారం కొళాయిలన్నీ విప్పి బిగించాడు. బాగున్నవి కూడా కారడం మొదలుపెట్టాయి. రెండో వారం ఫ్యాను రెగ్యులేటరు ఊడి చేతిలోకొచ్చింది. మూడో వారానికి భార్య విసిగిపోయి ఒక స్టీలు కంచం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది తిప్పుకోండి. దీన్ని పాడుచెయ్యడం మీవల్ల కూడా కాదు."

ఆవిడ అదే స్కూల్లో అయిదో తరగతి టీచరు. వంటగదిలో పంచదార డబ్బాకి ఫోను ఆనించి తొమ్మిదింటికల్లా క్లాసు మొదలుపెట్టేది. ఒక చెవి పిల్లల మీద, ఒక కన్ను పాల మీద. వాళ్ళ కూతురు బుడ్డది రెండో తరగతి. దాని క్లాసు మధ్యాహ్నం, మంచం మీద, తండ్రి ఫోనులో. ఇక నాలుగో మనిషి డ్రైవరుగారి అత్తగారు. ఆ ఇల్లు ఆవిడ భర్త కట్టించింది. ఇరవయ్యారేళ్ళుగా ఆవిడ సాయంత్రాలన్నీ పడమటి కిటికీ దగ్గరే గడిచాయి. ఎదురు కిటికీలో పక్కింటావిడ కూర్చునేది. ఒకరినొకరు వదినా అని పిలుచుకుంటూ, లోకంలో ఉన్న అల్లుళ్ళందరి సంగతీ అక్కడే తేల్చేసేవారు.

ఆ పద్దెనిమిదో రోజున డ్రైవరు కంచం పట్టుకుని, పప్పు డబ్బాలో గుచ్చిన గరిటెని గేరులా పక్కన పెట్టుకుని, గడ్డం గీసుకునే అద్దం కిటికీకి వేలాడదీసుకుని కూర్చున్నాడు. చీపురు పట్టుకుని అటు వెళ్తున్న అత్తగారికి నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. మా అల్లుడు కూర్చునే కొండలెక్కుతున్నాడు!" అని, కండక్టరు బస్సు రేకు మీద కొట్టినట్టు గోడ మీద రెండు దెబ్బలు కొట్టింది. "రైట్, రైట్!"

ఇల్లు కదిలింది.

గట్టు దిగేటప్పుడు ఒక్క కుదుపు కుదిపింది, అంతే. డ్రైవరు అద్దంలోకి చూసుకుని, "తలుపు వెయ్యండి అత్తయ్యా, పిల్ల పడుతుంది" అన్నాడు. వంటగదిలోంచి భార్య, "స్పీడు బ్రేకర్ల దగ్గర చూసుకోండి, పాలు పొయ్యి మీదున్నాయి" అని కేకేసింది. ఇంటర్నెట్ తీగ తోకలా వెనకాలే వచ్చింది. పక్కింటావిడ కిటికీలోంచి సగం బయటికి వంగి, "వదినా, నా దుప్పట్లు!" అని అరిచింది. ఆవిడ బట్టలారేసే తాడు ఒక కొస ఆవిడ కిటికీకి, రెండో కొస వీళ్ళ కిటికీకి కట్టి ఉంటుంది. ముడి ఊడి, రెండు దుప్పట్లూ ఒక లంగా వీళ్ళతో పాటు ఊరంతా తిరిగి మధ్యాహ్నానికి బాగా ఆరి వచ్చాయి. మర్నాటి నుంచి ఆవిడ ఎనిమిదికి అయిదు నిమిషాల ముందే తాడు విప్పేసుకునేది.

నాలుగు రోడ్ల దగ్గర పోలీసాయన లాఠీ అడ్డం పెట్టాడు.

"ఎక్కడికి?"

"ఎక్కడికీ లేదు సార్. ఇంట్లోనే ఉన్నాం."

పోలీసాయన కిటికీలోంచి తల పెట్టి చూశాడు. నలుగురు మనుషులు, నలుగురూ ఇంట్లోనే ఉన్నారు. కాసేపు ఆలోచించి, "మాస్కేదీ?" అన్నాడు.

"ఇంట్లో కూడానా సార్?"

"కదిలే ఇంట్లో పెట్టుకోవాలి" అని లాఠీ తీసేశాడు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన ఇంటినే రచ్చకెక్కించాడు. ఆ రోజు నుంచి ఎనిమిదింటికి బయల్దేరి, బస్సు ఆగే ప్రతి చోటా మూడేసి నిమిషాలు ఆగడం మొదలుపెట్టాడు. పిల్లలు వాళ్ళ వాళ్ళ గుమ్మాల్లో నిలబడి చేతులూపేవాళ్ళు. టీచరమ్మ పొడుగాటి కర్రకి బుట్ట కట్టి కిటికీలోంచి చాపితే నోటు పుస్తకాలు అందులో వేసేవాళ్ళు. బుడ్డది స్టాపుల పేర్లు చదివేది. అత్తగారు ఎక్కడికక్కడ గోడ కొట్టి, "రైట్" అనేది. ఆవిడ ఆ మాట అంటే తప్ప ఇల్లు కదిలేది కాదు. డ్రైవరూ కదిలించేవాడు కాదు, అది ఆయన పద్ధతి. కదులుతున్నంతసేపూ నెట్ తెగిపోయేది, ఆగగానే వచ్చేది.

ఊరి చివర, రైలు గేటు దగ్గర ఉంది ఆఖరి స్టాపు. అక్కడ ఎక్కేది ఒక్కతే, గేటాయన కూతురు. టీచరమ్మ క్లాసే. బడిలో దాన్ని అందరూ లాస్ట్ స్టాప్ అనే పిలిచేవారు. అది ఎక్కేసరికి వెనక చక్రం మీద సీటొక్కటే మిగిలి ఉండేది, మోకాళ్ళు గడ్డానికి తగిలే సీటు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా కిటికీ పక్కన కూర్చోలేదు. గేటు దగ్గర ఫోను సిగ్నలు ఉండదు. అందుకని స్కూళ్ళు మూశాక అది ఒక్క క్లాసు కూడా వినలేదు. మొదటి పరీక్ష కూడా పోయింది.

మొదటి రోజు ఇల్లు అక్కడికి చేరేసరికి ఆ పిల్ల యూనిఫాం వేసుకుని, జడలు బిగించి, సంచీ తగిలించుకుని స్టాపులో నిలబడి ఉంది. పద్దెనిమిది రోజులుగా రోజూ అలాగే నిలబడుతోందట.

"బస్సు రాదని తెలీదా అమ్మా?" అన్నాడు డ్రైవరు.

"తెలుసు అంకుల్. ఒకవేళ వస్తే? మీరు మూడు నిమిషాలే ఆగుతారు కదా."

డ్రైవరు అద్దం తుడుచుకున్నాడు. పిల్ల వచ్చి ముందు మెట్ల మీద కూర్చుంది. టీచరమ్మ పంచదార డబ్బాని వంటగది కిటికీలోకి జరిపి, ఇంటి వెనకాలే వచ్చిన తీగ నెట్‌తో క్లాసు మొదలుపెట్టింది. ముప్పైమంది ఫోనులో, ఒకతి మెట్ల మీద. ఆ రోజు నుంచి ఆఖరి స్టాపులో మూడు నిమిషాలు కాస్తా గంటన్నర అయింది. డ్రైవరు ఏనాడూ గొణగలేదు.

ఒక రోజు క్లాసయ్యాక గేటాయన దూరంగా నిలబడి టీచరమ్మతో చెప్పాడు. "హెడ్మాస్టరుగారు కబురు పంపారు టీచర్. రెండో పరీక్ష కూడా రాయకపోతే పేరు తీసేస్తారట. తీసేస్తే ఇంకేం చేస్తాను? దాని పిన్నికి పురుడొచ్చింది. పసిపిల్లని ఎత్తుకోడానికి దీన్ని అక్కడికి పంపేస్తాను."

ఆయన చెడ్డవాడు కాదు. రైళ్ళకి గేటు వెయ్యడం, తియ్యడం తప్ప మరో దారి ఎరగని మనిషి. పిల్ల పుస్తకం అట్ట మీద తన పేరుని వేలితో రుద్దుతూ కూర్చుంది.

"రాస్తుంది. ఇక్కడే, ఈ మెట్ల మీదే రాస్తుంది" అంది టీచరమ్మ.

పరీక్ష ఫోను ముందు కూర్చుని రాయాలి. మొదట్నుంచి చివరిదాకా హెడ్మాస్టరుకి పిల్ల కనబడుతూనే ఉండాలి, మధ్యలో బొమ్మ తెగితే పేపరు చెల్లదు. పదింటికి మొదలు, పదకొండున్నరకి ఆఖరు. అంతా బాగానే కుదిరింది. కానీ ముందు రోజు సాయంత్రం మైకు బండి కొత్త మాట చెప్పింది. రేపు పన్నెండింటి నుంచి ఆంక్షలు ఎత్తేస్తున్నారు, అందరూ బయట తిరగొచ్చు. వీధంతా చప్పట్లు కొట్టింది. పక్కింటావిడ సంతోషంలో కన్నీళ్ళు పెట్టుకుని, ఆ హడావుడిలో మర్నాడు పొద్దున్న తాడు విప్పడం మర్చిపోయింది. తాడు మళ్ళీ వీళ్ళతోనే వచ్చేసింది.

నాలుగు రోడ్ల దగ్గర పోలీసాయన ఇంటిని ఆపి గోడ మీద తట్టాడు.

"పన్నెండు కొట్టేలోపు దీన్ని ఎక్కడ పెట్టుకోవాలో అక్కడ పెట్టుకో. మనుషులు కదలడం మొదలుపెడితే ఇళ్ళు కదలవు. తర్వాత నన్నడిగి లాభం లేదు."

"పదకొండున్నరకి అయిపోతుంది సార్. ఇరవై నిమిషాల్లో వచ్చేస్తాం" అన్నాడు డ్రైవరు.

పదింటికి లాస్ట్ స్టాప్ మెట్ల మీద కూర్చుంది. పైమెట్టు మీద బాల్చీ బోర్లించి దానికి డ్రైవరు ఫోను ఆనించారు. హెడ్మాస్టరు రాలేదు. పదింపావుకీ రాలేదు. పదీ నలభైకి చెమటలు తుడుచుకుంటూ ప్రత్యక్షమై, కరెంటు పోయిందని చెప్పి, అందరూ మొదలుపెట్టండి అన్నాడు. గంటన్నర. అంటే పన్నెండూ పదికి ఆఖరు.

డ్రైవరు గోడ గడియారం చూశాడు. భార్య డ్రైవరుని చూసింది. ఇద్దరికీ లెక్కొచ్చు.

పదకొండూ ముప్పైఅయిదుకి ఆయన కంచం చేతిలోకి తీసుకున్నాడు. "ఇప్పుడు కదలకపోతే ఇల్లిక ఇక్కడే" అన్నాడు, గొంతు తగ్గించి.

"నాలుగో లెక్కలో ఉందండీ. ఇంకా మూడున్నాయి" అంది భార్య, ఆయనకంటే నెమ్మదిగా.

"కదిలితే నెట్ తెగుతుంది."

"తెగుతుంది."

ఇద్దరూ అత్తగారి వైపు తిరిగారు. ఇల్లు ఆవిడది. ఆవిడ పడమటి కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఎదురుగా ఇంకో కిటికీ లేదు, వదినా లేదు. రైలు పట్టాలు, గడ్డి, గేటాయన గది. చేతిలో పక్కింటావిడ తాడు. ఆవిడకి ఆ క్షణంలో నిజంగా ఏడుపొచ్చింది. ఈ వయసులో కొత్త చోటు, కొత్త మొహాలు. మోకాళ్ళు నొప్పని ఎవరికి చెప్పుకోవాలి? అల్లుణ్ణి ఎవరి దగ్గర తిట్టుకోవాలి?

మెట్ల మీద పిల్లకి వినబడనే వినబడింది. తల ఎత్తి, "అంకుల్, మీకు టైమైతే వెళ్ళిపోండి. నేను..." అంది.

"మాట్లాడకూడదు!" అన్నాడు ఫోనులో హెడ్మాస్టరు.

పెన్ను ఆగిపోయింది. పిల్ల వేలు మళ్ళీ కాగితం మీద తన పేరు దగ్గరికి వెళ్ళింది. అత్తగారు అది చూసింది.

డ్రైవరు కంచం పట్టుకుని, గరిటె మీద చెయ్యి వేసి, అలవాటు ప్రకారం ఆవిడ మాట కోసం ఎదురు చూశాడు. ఆవిడ బస్సు ఆపే కండక్టరులా అరచేత్తో గోడ మీద ఒక్కటే దెబ్బ కొట్టింది.

"హోల్డాన్!"

తర్వాత తలుపులోంచి తల బయటపెట్టి, "ఏం చూస్తున్నావే? తలొంచుకుని రాసుకో" అంది. లోపలికొచ్చి అల్లుడితో, "ఆ గరిటె ఇలా ఇవ్వు. పప్పు కలపాలి. ఇక్కడ నీళ్ళెలా వస్తాయో ఏమో, ఆ గేటాయన్ని కనుక్కో" అంది.

పన్నెండింటికి ఊళ్ళో సైరన్ మోగింది. ఇల్లు ఒక్కసారి కిందికి సర్దుకుంది, బరువు దించి నడుం వాల్చిన మనిషిలా. అల్మారాలో గ్లాసులు గలగలమన్నాయి. బాల్చీ కదల్లేదు. పన్నెండూ పదికి పిల్ల పెన్ను మూత పెట్టింది.

సాయంత్రానికి పక్కింటావిడ ఊరి ఈ చివరిదాకా నడిచి వచ్చింది, తాడు కోసం. అరగంట సేపు తిట్టింది. ఇరవయ్యారేళ్ళ స్నేహానికి ఇదా బహుమానం అంది. తర్వాత మెట్ల మీద కూర్చుని చీకటి పడేదాకా మాట్లాడి తాడు మర్చిపోయి వెళ్ళిపోయింది. తర్వాతి ఆదివారం మళ్ళీ వచ్చింది, ఆ పై ఆదివారమూ వచ్చింది. వెళ్ళబోయేసరికి గేటు పడితే, "రైలు పోనీలే వదినా" అని మళ్ళీ కూర్చునేది. తాడు రెండో కొస ఇప్పుడు గేటాయన కిటికీకి కట్టి ఉంది.

పిల్ల పాసైంది. లెక్కల్లో బొటాబొటిగా గట్టెక్కింది. పసిపిల్లని ఎత్తుకోడానికి పిన్ని ఇంకెవర్నో చూసుకుంది.

స్కూళ్ళు తెరిచే ముందు రోజు బస్సుకి టార్పాలిన్ తీశారు. డ్రైవరు ఆ సాయంత్రమే దాన్ని తెచ్చి ఇంటి ముందు, అంటే రైలు గేటు దగ్గర పెట్టుకున్నాడు. బస్సు ఎక్కడ ఉంటే అక్కడి నుంచే రూటు మొదలవుతుంది. మర్నాడు పొద్దున్న టీచరమ్మ, బుడ్డది ఇంకా తాళాలు వెతుక్కుంటూ ఉండగానే లాస్ట్ స్టాప్ సంచీ తగిలించుకుని వచ్చి బస్సెక్కింది. ఎక్కి, నడుమ నిలబడిపోయింది. అన్ని సీట్లూ ఖాళీగా ఉన్నాయి. అలాంటి బస్సుని అది ఎప్పుడూ చూడలేదు. అలవాటుగా వెనక చక్రం వైపు రెండడుగులు వేసి ఆగింది.

"ఎక్కడ కూర్చోను అంకుల్?"

"నీ ఇష్టం అమ్మా. ముందెక్కింది నువ్వే."

పిల్ల వెనక్కి చూసింది, ముందుకి చూసింది. తర్వాత వచ్చి డ్రైవరు వెనక సీటులో, కిటికీ పక్కన కూర్చుని, అద్దం పక్కకి జరిపి తల బయట పెట్టింది. మెట్ల మీద నిలబడ్డ అత్తగారు దాన్ని చూసి, ఇంటి గోడ మీద రెండు దెబ్బలు కొట్టింది.

"రైట్, రైట్!"

ఇల్లు కదల్లేదు. బస్సు కదిలింది.