ఎర్ర తాడు కట్టిన ఇల్లు

ముప్పై అట్టపెట్టెలకి బూడిదరంగు పూసేసరికి నా వేళ్ళు కూడా రాళ్ళలాగే తయారయ్యాయి. గోడ కావాలి కదా మరి! మా ఆయన బోధకుడు. ఏటా సెలవుల్లో పిల్లలకి ఈ శిబిరం నడుపుతాడు. ఆఖరి రోజున అందరూ కలిసి పరిశుద్ధ గ్రంథంలోని యుద్ధం ఆడతారు, అరుపుకే కోటగోడ కూలిపోయిన యుద్ధం. మగపిల్లలు కత్తులూ బూరలూ పట్టుకుని ఏడుసార్లు చుట్టూ తిరిగి ఒక్కపెట్టున అరుస్తారు. ఆడపిల్లలు గోడ. తలా ఒక అట్టరాయిని గుండెలకి అడ్డం పెట్టుకుని వరసగా నిలబడి, ఆ అరుపు వినగానే కూలిపోవాలి. అంతే వాళ్ళ పాత్ర.

నేనూ కూలినదాన్నే. పద్నాలుగేళ్ళప్పుడు, ఇదే హాల్లో, ఇదే సిమెంటు నేల మీద. అప్పుడు సేనాపతి మా ఆయనే. పెళ్ళి మాటలప్పుడు నాతో అన్న మొదటి మాట, "గోడ ఆటలో అందరికంటే బాగా పడింది నువ్వే కదూ?" అని. నేను మురిసిపోయాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది! అప్పటినుంచీ అరవైమందికి వంట నాదే, కత్తులకి వెండికాగితం నేనే, డాళ్ళకి పిడులు నేనే. ఆఖర్న వేదిక ఎక్కి ఆయన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్తాడు. నా దగ్గరికొచ్చేసరికి, "ఇంటి మనిషికి చెప్పేదేముంది!" అంటాడు. అందరూ నవ్వుతారు. గరిటె పట్టుకుని నేనూ నవ్వుతాను.

ఈ ఏడు మా అమ్మాయికి పదమూడు నిండాయి. పిచిక అంటాం దాన్ని. బూర ఊదుతానంది. మగపిల్లలకి బుగ్గలు ఉబ్బడమే గానీ బూర పలకదు. ఇది ఊదితే కిటికీ అద్దాలు అదురుతాయి.

"ఆడపిల్లలు గోడ. ఆ పద్ధతి నేను పెట్టింది కాదు," అన్నాడు మా ఆయన, కంచంలోంచి తల ఎత్తకుండానే.

"మరెవరు పెట్టారు నాన్నా?"

"పెద్దలు."

"పడేవాళ్ళు లేకపోతే గెలిచేవాళ్ళెక్కడుంటారే తల్లీ," అంది అత్తగారు. "మీ అమ్మని చూడు, ఏనాడైనా ఎదురు చెప్పిందా?"

పిచిక నావైపు చూసింది. నేను గిన్నెలు తీసే నెపంతో లేచి, వంటింట్లో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. అత్తగారు నన్ను పొగిడిందని నాకు తెలుసు. దానికంటే చెంప మీద ఒక్కటిచ్చినా బాగుండేది.

మర్నాడు రిహార్సల్లో పిచిక మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయాయి. మందు రాస్తుంటే అడిగింది, "అమ్మా, గోడ మొత్తం పడిపోయిందా? ఒక్క రాయి కూడా మిగల్లేదా?"

గ్రంథం నేనూ చదివాను, పొయ్యి మీద ఎసరు మరిగేలోపు రెండేసి పేజీలు. ఆ గోడ మీద ఒక ఆడదాని ఇల్లుంది. సేనాపతి ఊళ్ళోకి పంపిన వేగుల్ని దాచిన మనిషి. వాళ్ళు చెప్పిన గుర్తుగా కిటికీకి ఎర్ర తాడు కట్టుకుంది. ఊరంతా నేలమట్టమైనా ఆ ఇంటి జోలికి ఎవరూ పోలేదు. లోపల ఉన్నవాళ్ళంతా బతికారు. పెళ్ళైన కొత్తలో, ఆవిణ్ణి ఆటలో ఎందుకు పెట్టరని ఆయన్ని అడిగాను. "అది మంచి ఆడది కాదు. పిల్లలకి చూపిస్తామా?" అన్నాడు. ఆయనకి చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే అనుకుని నోరు మూసుకున్నాను. పదిహేనేళ్ళు మూసుకునే ఉన్నాను.

"ఒక ఇల్లు మిగిలిందే," అన్నాను పిచికతో. కథంతా చెప్పాను. అది కళ్ళార్పకుండా వింది.

ఆఖరి రోజు పొద్దున, సేనాపతి అంగీకి అంచు కుట్టగా మిగిలిన ఎర్రదారాన్ని తాడులా పేని, పిచిక అట్టరాయికి చిల్లు పెట్టి ముడేశాను. నేనేమీ చెప్పలేదు. అదీ అడగలేదు.

సాయంత్రం హాలు నిండింది. ముందు వరసలో అత్తగారు. వంటగది తలుపు దగ్గర నేను. ఏడో చుట్టు పూర్తయింది. మా ఆయన చెయ్యెత్తాడు. మగపిల్లలు గొంతులు చించుకుని అరిచారు. ఇరవైతొమ్మిదిమంది ఆడపిల్లలు దబదబా పడ్డారు.

పిచిక పడలేదు.

"పడు," అన్నాడు మా ఆయన పళ్ళ బిగువున. "పడవే!"

"ఈ ఇల్లు పడదు నాన్నా. గ్రంథంలో ఉంది."

ఆయన ఆ తాడు పట్టుకుని లాగాడు. నేనేసిన ముడి, ఊడలేదు.

"ఎవరు కట్టారిది?"

పిచిక నోరు విప్పలేదు. నావైపు చూడను కూడా లేదు. పదమూడేళ్ళ పిల్ల నన్ను కాపాడుతోంది! నాకు సిగ్గేసింది, భయమూ వేసింది. ఇంటికెళ్ళాక నెలరోజులు మాటలుండవు. అత్తగారి నిట్టూర్పులుంటాయి. పోదామంటే నాకు వేరే ఇల్లు లేదు.

గరిటె బల్ల మీద పెట్టాను. కిందపడ్డ పిల్లల్ని తొక్కకుండా ఒక్కొక్కరినే దాటుకుంటూ వెళ్ళి పిచిక పక్కన నిలబడ్డాను.

"నేనే కట్టాను," అన్నాను. "మళ్ళీ అరవమనండి."