మూడో మెహిటబెల్

డీలియా కడుపులో ఉన్నది ఆడపిల్లని తెలిసిన రోజే ఆ బిడ్డకి పేరు పెట్టడం అయిపోయింది. పెట్టింది తల్లీ కాదు, తండ్రీ కాదు. తండ్రికి నాయనమ్మ అయిన లుసిండా మామ్మ. మెహిటబెల్ అంది ఆవిడ. వాళ్ళ వంశం ఓడ దిగి కేప్ కాడ్ అనే ఈ సముద్రతీరపు ఇసకలో కాలు మోపాక ఈ నేల మీద పుట్టిన మొదటి తరం ఆడపిల్ల పేరది. తొంభై ఏళ్ళు బతికి, ఊళ్ళో సగం మందికి మూలపుటమ్మ అయిన మనిషి. ఎందుకోగానీ ఆ తరవాత ఇంట్లో ఎవరూ ఆ పేరు పెట్టుకోలేదు. పాపం మర్చిపోయి ఉంటారు, మనం మళ్ళీ ఇంట్లోకి తెచ్చుకుందాం అని మామ్మ చర్చిలో అందరికీ చెప్పేసింది కూడా. డీలియా భర్త, సముద్రంలో ఆల్చిప్పలు పెంచి అమ్ముకునే వెండెల్, తన నాయనమ్మ మాటకి ఏనాడూ ఎదురు చెప్పినవాడు కాదు. పేరు బావుందన్నాడు.

డీలియా తలూపింది. ఊపక ఏం చేస్తుంది? ఆమె తాతముత్తాతలు నిన్నగాక మొన్న పోర్చుగీసు దీవుల నుంచి చేపల వేటకి వచ్చినవాళ్ళు. చదువు మధ్యలో ఆపేసి పనిలో చేరిన పిల్ల. మూడు వందల ఏళ్ళ వంశం ముందు నోరెత్తడానికి తనకేం అర్హత ఉందనుకునేది. పైగా కిందటేడు ఒక కడుపు నిలవలేదు. ఈసారి బిడ్డ కాసేపు కదలకపోతే చాలు, చేతిలో పని వదిలేసి పొట్ట పట్టుకుని కూర్చునేది.

మామ్మ ఏళ్ళ తరబడి వంశవృక్షం గీస్తోంది. మోకాళ్ళు మొరాయించి చక్రాల కుర్చీలో పడ్డాక శ్మశానానికి వెళ్ళలేక, ఏప్రిల్‌లో ఒక సాయంత్రం డీలియాని పంపింది. మెహిటబెల్ తల్లి, హోప్ అనే ఆవిడ, ఏ సంవత్సరంలో పోయిందో ఆవిడ రాయి చదివి రావాలి. వెళ్ళేముందు చేతికొక అద్దం ఇచ్చింది. రాయి మీద సుద్ద రుద్దకూడదు, నాచు గీకకూడదు. ఎండని అద్దంలో పట్టి పక్కనుంచి రాయి మీదికి మళ్ళిస్తే అరిగిపోయిన అక్షరాలు వాటంతటవే పైకి లేస్తాయని చెప్పింది.

లేచాయి. హోప్ పోయిన సంవత్సరం దొరికింది. డీలియా వెనక్కి తిరగబోతూ ఆగింది. పెద్ద రాయి పక్కన, గడ్డిలోంచి అరచేతులంత రాళ్ళు రెండు తలలు బయటపెట్టి ఉన్నాయి. ఆ చలికాలం నేల గడ్డకట్టి ఉబ్బినప్పుడు లోపల కూరుకుపోయినవి పైకి వచ్చినట్టున్నాయి. అద్దం అటు తిప్పింది. హోప్ కూతురు మెహిటబెల్, ఏడాది పిల్ల. రెండోదాని మీద పట్టింది. హోప్ కూతురు మెహిటబెల్, నాలుగేళ్ళ పిల్ల. తప్పు చదివానేమో అనుకుని అద్దం కోటు అంచుతో తుడిచి మళ్ళీ చూసింది. పేరు అదే, సంవత్సరాలు వేరు. ఒక పిల్ల పోతే ఆ పేరే తరవాతి పిల్లకి పెట్టారు. అదీ పోతే ఇంకో పిల్లకి పెట్టారు. తొంభై ఏళ్ళు బతికినావిడ మూడోది.

ఇంటికొచ్చి వెండెల్‌కి చెబితే, ఆ రోజుల్లో ప్రతి ఇంట్లో పిల్లలు పోయేవాళ్ళని అతను ఓదార్చాడు. నిజమే. కానీ డీలియా కంటికి కునుకు రాలేదు. పోయిన పిల్ల పేరు బతికున్న పిల్లకి పెట్టకూడదని ఆమె పుట్టింట్లో గట్టి పట్టింపు. కడుపులో ఉన్నదాన్ని ఆ పేరుతో తలుచుకోవడానికే భయమేసింది. మామ్మకి చెబితే మూఢనమ్మకం అంటుంది. చెప్పకపోతే ఆ పేరే ఖాయం.

గురువారం మామ్మ ఇంటికి వెళ్ళింది. మామ్మ చేతులు వణుకుతాయి కాబట్టి ఆవిడ చెబుతుంటే డీలియా రాస్తుంది. ఆ రోజు మెహిటబెల్ సంతానం రాయాలి. కొడుకులయ్యాక కూతుళ్ళు. హోప్, బెతియా, జెరూషా, కెజయ్యా, టామ్సిన్. డీలియా పెన్ను ఆపింది.

"మామ్మగారూ, ఆ రోజుల్లో ఒక కూతురికైనా తల్లి పేరు పెట్టేవారన్నారుగా?"

"పెట్టి తీరాలి. అందుకేగా మా వైపు ఎక్కడ చూసినా హోప్‌లే. ఒకర్ని పిలిస్తే ఇల్లంతా లేచొచ్చేది."

"మరి ఈ అయిదుగురిలో మెహిటబెల్ లేదేం?"

"మనవరాళ్ళల్లోనూ లేదు. చెప్పాగా, మర్చిపోయుంటారు."

"సొంత పేరు ఎవరైనా మర్చిపోతారా మామ్మగారూ?"

మామ్మ కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టింది. "నోట్లో ఏదో పెట్టుకుని నములుతున్నావు పిల్లా. కక్కెయ్."

డీలియా చిన్న రాళ్ళ సంగతి చెప్పింది. మామ్మ ఆశ్చర్యపోలేదు. పోయిన పిల్ల పేరు మళ్ళీ పెట్టుకోవడం ఆ కాలంలో మామూలేనంది. తమ ఇంట్లోనూ జరిగిందని మాత్రం ఆవిడకి తెలియదు. ఆ ఏళ్ళ చర్చి పుస్తకాలు ఎప్పుడో కాలిపోయాయి.

"అయితే ఏమైంది? మూడోది నిక్షేపంగా బతికింది కదా. ఆవిడ ఆయుష్షే మన పిల్లకి రానీ."

"బతికింది. కానీ వాళ్ళమ్మ ఆ పేరు పెట్టి పిలిచినప్పుడల్లా ఎవర్ని తలుచుకుని పిలుస్తోందో ఆవిడకి తెలిసే ఉంటుంది. అందుకే అయిదుగురు కూతుళ్ళు పుట్టినా ఒక్కదానికీ పెట్టలేదు. ఆవిడే ఆపేసింది మామ్మగారూ. మనం మళ్ళీ మొదలుపెట్టడం నాకు భయంగా ఉంది."

భయం అన్న మాట ఆ ఇంట్లో ఆమె పైకి అనడం అదే మొదలు. అనేశాక తలెత్తలేక కాగితం వంకే చూస్తూ కూర్చుంది.

మామ్మ వేళ్ళ మీద కూతుళ్ళ పేర్లు మళ్ళీ చెప్పుకుంది. మనవరాళ్ళవీ చెప్పుకుంది.

"ఎవరికి ఏం పేరు పెట్టిందో రాసుకుంటూ పోయాను గానీ, ఏది పెట్టలేదో ఆలోచించనే లేదు" అంది చివరికి. అంతలోనే ఇంకోటి గుర్తొచ్చింది. "చర్చిలో అందరికీ చెప్పేశానే. నా పక్క బెంచీలో కూర్చునే ఆ విన్నిఫ్రెడ్‌కైతే మరీ ఊరించి చెప్పాను. ఇప్పుడు కాదంటే ఏడాది నవ్వుతుంది."

"నావల్లే అని చెప్పండి."

"నీ పేరెందుకు? మెహిటబెల్ వద్దందని చెబుతా. నమ్మకపోతే శ్మశానానికి వెళ్ళి ఆవిడనే అడగమంటా." మామ్మ కళ్ళద్దాలు పెట్టుకుంది. "మరి మీవైపు పేరేదైనా ఉందా?"

"మా అమ్మమ్మ ఫిలొమెనా."

"అమ్మో. అంత పేరు పిలిస్తే నా కట్టుడు పళ్ళు ఊడిపోతాయి."

డీలియా నవ్వింది. "అదీ వద్దులెండి. ఎవరిదీ వద్దు. పిల్లకి దానిదంటూ ఒక పేరు ఉండనివ్వండి."

మామ్మ కాగితం వైపు తిరిగింది. కాగితం మీద మెహిటబెల్ ముందు ఇంకో ఇద్దరికి చోటుందా అని అడిగింది. లేదు. అయితే కొత్త కాగితం తియ్యమంది. మొదట పుట్టిన ఏడాదిపిల్లని ముందు రాయాలి, తరవాత నాలుగేళ్ళదాన్ని, ఆ తరవాతే మూడోదాన్ని. డీలియా రాస్తుంటే పక్కకి వంగి చూస్తూ, ఆ రాళ్ళు నిటారుగా ఉన్నాయా, ఒరిగాయా అని అడిగింది.

"ఒకటి ఒరిగింది."

"ఆదివారం నన్ను తీసుకెళ్ళు. చూడాలి."

"ఆ గడ్డిలో మీ చక్రాల కుర్చీ కదలదు మామ్మగారూ."

"వెండెల్ ఎత్తుకుంటాడు. రోజూ ఆల్చిప్పల బుట్టలు మోసేవాడికి నేనొక బరువా?"