నడుము సాక్ష్యం

"రక్తం జబ్బుకూ ఎముకలకూ ఏం సంబంధముండాది?" అన్నాడు యేసుప్రసాద్, టమోటా గంపలు ఆటోలోకి ఎత్తుతూనే. మూడేళ్ల కిందటి మాట అది. ఆ ఒక్క మాటతో అతని భార్య కృపమణికి ఎముకల పరీక్ష ఆగిపోయింది. తలసీమియా పుట్టుకతోనే వచ్చింది. నెలనెలా కర్నూలుకు పోయి రక్తం ఎక్కించుకుని వస్తుంది, ఇంకేం కావాలి? ఈ జబ్బుతో పెద్దయినవాళ్లకు ఎముకలు లోలోపలే గుల్లబారతాయి, పరీక్ష చేయించుకోమ్మా అని డాక్టరమ్మ పోయినప్పుడల్లా చెప్పేది. కృపమణి తలూపి వచ్చేది. కాయ పండితే కోత ఆగదు, కోశాక పత్తికొండ మార్కెట్టు ఆగదు, ఇంట్లో సంగటి కెలకడం ఏ పూటా ఆగదు. "కొత్త రక్తం పడింది గదా, ఇంగ గుర్రం మాదిరి పని చేస్తావులే" అని అత్త రాహేలమ్మ నవ్వేది. నవ్వుతూ అన్నదానికి ఎదురు చెప్పడం ఎట్లాగో కృపమణికి తెలిసేది కాదు.

చివరికి మంచం మీది నుంచి లేవలేకపోయేసరికి యేసుప్రసాదే కర్నూలు ఆసుపత్రికి తీసుకొచ్చాడు. స్కాన్ బల్ల మీద కదలకుండా పడుకోమన్నారు. పట్టపగలు, పని చెప్పేవాళ్లెవరూ లేకుండా వెల్లకిలా పడుకోవడం హాయిగా అనిపించి, ఆ హాయికి ఆమెకే సిగ్గేసింది. తర్వాత డాక్టరమ్మ స్కానూ ఎక్స్‌రే చూసి, ఎముకలు ముసలామెకు ఉన్నట్టున్నాయని, వెన్నుపూస ఒకటి ఎప్పుడో విరిగి నలిగి అట్లాగే అతుక్కుందని చెప్పింది.

"ఎప్పుడు పడినావమ్మా?" అనడిగింది.

పడలేదు. కోత పండుగ రోజు చర్చి ముందర అన్నం గుండిగ దించుతుంటే నడుములో పుటుక్కుమంది, అంతే. కూలబడితే రాహేలమ్మ పక్కవాళ్లతో, "మా కోడలికి పనుండే పొద్దే నొప్పొస్తాది" అంది. అందరూ నవ్వారు. కృపమణి లేచి సంఘమంతటికీ వడ్డించింది. ఆ తర్వాత నెలల తరబడి వంగలేక తిప్పలు పడుతుంటే, ఒళ్లు దాచుకుంటోందని ఇంట్లో అన్నారు. అనగా అనగా నిజమే కాబోలనుకుంది. ఇప్పుడది తలుచుకుంటేనే ఏడుపొస్తోంది. వాళ్లు నమ్మలేదు సరే, తన నడుమును తనే నమ్మలేదు. ఒక ఆదివారం అందరి ముందరా లేచి, నాలో సోమరితనమనే పాపముంది, నా కోసం ప్రార్థన చేయండని కన్నీళ్లతో ఒప్పుకుంది. పాస్టరయ్య తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాడు. ఆ రోజు ఇంట్లో అందరూ ఆమెతో ఎంత మంచిగా మాట్లాడారో.

తిరుగు బస్సులో మందుల సంచి ఒళ్లో పెట్టుకుని యేసుప్రసాద్ మెల్లగా అన్నాడు. "మ్మే, విరిగిన సంగతి సంఘంలో ఎవురికీ చెప్పొద్దు. మా అమ్మను తప్పుగా అనుకుంటారు."

కృపమణికి కోపం రాలేదు. పోయిన ఏళ్లు తిరిగి రావు కదా అనే దిగులే మిగిలింది.

"మీ అమ్మ మాట నేనెత్తను లేప్పా" అంది. "దేవుని ఎదుట నిలబడి నా మీద నేనే అబద్ధ సాక్ష్యం చెప్పినా. ఆదివారం పోయి దాన్ని ఎనక్కు తీసుకుంటా."