దిల్‌బహార్ మండపం

సాయంత్రం కంప్యూటర్ క్లాసులు వదిలితే చాలు, అమీర్‌పేట పిల్లలంతా దిల్‌బహార్ తోటలో చేరేవాళ్లు. ఎవరో నవాబుగారు షికారుకూ కచేరీలకూ వేయించిన తోట, నూరేళ్లు దాటింది. ఫౌంటెన్లు ఎండిపోయాయి, పంజాగుట్ట వైపు గోడ రోడ్డులో కలిసిపోయింది. నడుమ రాతి గానమండపం మాత్రం నిలిచింది.

ఆ మండపం మీద ఎవరు అపస్వరం పాడినా, వినేవాళ్లకు సరైన స్వరమే వినబడేది. పాడినవాడికి మాత్రం తన తప్పు తనకు వినబడుతూనే ఉండేది. పెళ్లి బ్యాండువాళ్లకు అదంటే ప్రాణం. సంగీతం టీచర్లు మాత్రం పిల్లల్ని ఆ మెట్లెక్కనిచ్చేవాళ్లు కాదు. తప్పు వినబడకపోతే దిద్దేదెలా?

కేదార్‌ది కాకినాడ, రమేశ్‌ది సిరిసిల్ల. యూసుఫ్‌గూడలో ఒకే గది. రమేశ్‌కు కంప్యూటర్ పని వచ్చు, అదీ కేదార్ నేర్పిందే. కానీ ఇంగ్లీషులో నోరు పెగలదు. కేదార్‌కు నోరుంది, ఉద్యోగం లేదు. ఇంతలో ఒక కంపెనీ రమేశ్‌కు ఫోన్ ఇంటర్వ్యూ పెట్టింది. ఒకరి ఇంటర్వ్యూలో ఇంకొకరు మాట్లాడటం ఆ రోజుల్లో అమీర్‌పేటలో మామూలే.

"అన్నా, జర నా లెక్క నువ్వు మాట్లాడు. ఇది సుత పోయిందంటే ఊరికి పోయి మా నాయన పక్కన కూసొని అంగీలకు కాజాలు కుట్టుడే."

"కాజాలకేంరా, సిస్టమ్ హ్యాంగవదు కదా!"

"నవ్వకన్నా. మా నాయన ఊరంత చెప్పుకున్నడు."

"సర్లే, నేనున్నాగా," అన్నాడు కేదార్.

రోడ్డు రొద వినబడకుండా కేదార్ మండపం నడుమకు పోయి కూర్చున్నాడు. పాటనే గాని మాటను మండపం పట్టించుకోదని అతని నమ్మకం. రమేశ్ కింద మెట్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మొదట్లో సరిగ్గానే చెప్పాడు. అవతలాయన "వెరీ గుడ్, రమేశ్" అన్నాడు. ఆ పేరు కేదార్‌కు ముల్లులా గుచ్చుకుంది. పోయినేడు తనను కాదన్న కంపెనీయే ఇది. నేర్పినవాడు ఇక్కడే ఉండిపోయి, నేర్చుకున్నవాడు ముందెళ్లిపోవడమా?

చివరి రెండు ప్రశ్నలకూ జవాబు తెలుసు. తెలిసి తెలిసీ తప్పు చెప్పాడు. తన గొంతులో ఆ తప్పు తనకు స్పష్టంగా వినిపించింది.

మెట్లు దిగి, "కష్టంగా అడిగార్రా," అన్నాడు.

"ఏంది కష్టం? ఆఖరు రెండైతే తూటాల లెక్క పేల్చినవ్ గదన్నా! నాకైతే గంత మంచిగ రాకపోవు."

కేదార్ తల తిప్పి మండపం వైపు చూశాడు. మాటను కూడా అది దిద్దిందన్నమాట.

ఉద్యోగం వచ్చింది. చేరేదాకా రమేశ్ తన బట్టలతోపాటు కేదార్ చొక్కాలూ ఉతికాడు. వద్దన్నా వినలేదు. "నీ వల్లనే బతికిన," అన్నాడు. ఫోన్లో వాళ్ల నాయనతో కూడా మాట్లాడించాడు. ఆయన దీవిస్తుంటే కేదార్ కళ్లెత్తలేదు.

చేరే ముందురోజు సాయంత్రం రమేశ్ మిఠాయి పొట్లంతో అతన్ని మళ్లీ మండపం ఎక్కించాడు.

"గీన్నే నా దశ తిరిగింది. ఒక్క మంచి మాట చెప్పన్నా."

చేసింది చెప్పేద్దామని కేదార్ నోరు తెరిచాడు. రమేశ్ నవ్వు చూసి ఆగిపోయాడు.

"మొదట్నుంచీ నీ మంచే కోరుకున్నాన్రా," అన్నాడు. తన చెవికి ఆ మాటే వినిపించింది.

రమేశ్ నవ్వు ఉన్నదున్నట్టే ఆగిపోయింది. విప్పుతున్న పొట్లం దారం వేళ్ల మధ్యే ఉండిపోయింది.

"చెప్పినవ్," అన్నాడు. "నువ్వు చెప్పకపోతె నాకు తెల్వకపోవు."

తన మాట రమేశ్‌కు ఏమని వినబడిందో కేదార్‌కు తెలియలేదు. అడిగే ధైర్యమూ రాలేదు. రమేశ్ పొట్లం అతని చేతిలో పెట్టి మెట్లు దిగాడు. ఎప్పుడూ పక్కపక్కనే నడిచేవాడు, ఆ సాయంత్రం ముందు నడిచాడు.